ముందు సరస్వతి, వెనక సద్ది

మా బావ కూర్మయ్యకి ఒక్క సంచి కుట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. పెళ్ళికొడుకు కోటయితే రెండు రోజుల్లో కుట్టి, ఇస్త్రీ చేసి, బొత్తాలతో సహా చేతిలో పెట్టేవాణ్ణి. బొబ్బిలి బజారులో టైలర్ సోములంటే అంత పేరు. ఆ పేరంతా మా బావ సంచి దగ్గర మంటగలిసింది. ఇవాళ నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

ముందు మా బావ ఎవరో చెప్పాలి. మా అప్ప జగ్గమ్మని చేసుకున్నాడు. వీణలకి మేళం కట్టడం అతని పని. వీణ చెయ్యడం వేరు, మేళం కట్టడం వేరు. పనసచెక్క తొలిచి వీణ చేసేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళ పని అంతా అయ్యాక, వీణ మెడ పొడుగునా మసి కలిపిన నల్లటి మైనం రెండు వరసలు పెట్టి, అందులో ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు నిలబెట్టాలి. ఎడంచేత్తో తీగ మీటుతూ, కుడిచేతి బొటనవేలితో ఒక్కో మెట్టునీ వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, చెవికి సరే అనిపించిన చోట ఆపాలి. దాన్నే మేళం కట్టడం అంటారు. బావ చదువుకోలేదు, పాట నేర్చుకోలేదు. కానీ అతని బొటనవేలు ఎక్కడ ఆగితే అక్కడ స్వరం ఉంటుందని వీణ నేర్పే పెద్దలే ఒప్పుకునేవారు.

కొన్నేళ్ళు వాయించాక మైనం ఎండి పగులుతుంది, మెట్లు కదులుతాయి. వీణని బండి మీద వేసుకుని వస్తే దార్లో ఇంకేదో విరుగుతుంది. అంచేత బావే ఆ ఇళ్ళకి వెళ్ళేవాడు. పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే ఊళ్ళు కొన్ని, ఒక రాత్రి పడుకుని రావాల్సినవి కొన్ని. అన్నిటికీ నడకే. బస్సెక్కమంటే ఎక్కడు. బస్సులో కూర్చుంటే ఇళ్ళ కప్పులు కనబడవంటాడు. కప్పుల మీద ఏముంటాయయ్యా అంటే, సొరకాయలు. వీణకి మెడ కింద ఉండే బుర్ర ఎండిన సొరకాయే కదా. ఏ పాక మీద గుండ్రటి కాయ కనబడినా మా బావ అక్కడ ఆగిపోతాడు. ఆ ఇంటి ఆడవాళ్ళని తల్లీ అనో చెల్లీ అనో పలకరించి, "దీన్ని కొయ్యకమ్మా, తీగ మీదే ఎండనియ్యి, మాగంలో వస్తాను" అని చెప్పి కదులుతాడు. మాఘంలో వెళ్ళి, ఆ బుర్రని చంటిబిడ్డలా చేతుల్లో పెట్టుకుని తెచ్చేవాడు.

రెండేళ్ళ నుంచి ఆ బుర్రలు తేవడం మానేశాడు. "మంచి కాయలు కాయటం నేదురా" అనేవాడు. మేమూ నమ్మాం.

అరవై ఏడు చివర, మార్గశిరంలో, ఒక కార్డు వచ్చింది. కార్డులన్నీ చదివించుకోడానికి బావ నా షాపుకే తెచ్చేవాడు. అది కోనవలస నుంచి సుభద్రమ్మగారు రాసింది. కోనవలస మాకు పది మైళ్ళు. ఆవిడ ఆ చుట్టుపక్కల ఆడపిల్లలకి వీణ నేర్పే పెద్దావిడ. పాతికేళ్ళుగా ఆవిడ వీణకి మేళం కట్టేది మా బావే. అంతకు నెల ముందే కొత్తగా కట్టి వచ్చాడు కూడా. మిషను ఆపి చదివాను.

"కూర్మయ్యకు ఆశీస్సులు. మేళం ఒకచోట కాస్త తేడాగా వినిపిస్తోంది. నా చెవిదే తప్పేమో. వీలున్నప్పుడు ఒకసారి వచ్చి చూడగలవు."

"మళ్ళీ సదువు" అన్నాడు బావ. మళ్ళీ చదివాను. అతను బెంచీ మీద కూర్చుండిపోయాడు.

"ఆ అమ్మ సెవి తప్పదురా" అని, కుడిచెయ్యి నా మిషను బల్ల మీద చాపి పెట్టాడు. "తప్పు దీనిది. సంచి తగిలించుకుని నాలుగు మైళ్ళు నడిసేసరికి ఈ ఏళ్ళు మొద్దుబారిపోతన్నాయి సోములూ. సూదెట్టి గుచ్చినా తెలవదు. ఓ పూట కూకుంటే మళ్ళీ వస్తాది. ఆ దినం అమ్మగారి పిల్లలు పాటం కోసం సూస్తన్నారు. ఆగమనలేక పెట్టీసినాను."

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"రెండేళ్ళు."

రెండేళ్ళు అనగానే నాకు సొరబుర్రలు గుర్తొచ్చాయి. చెప్పకుండా దాచినందుకు కోపం వచ్చింది, ఆ చెయ్యి చూస్తే ఏడుపొచ్చింది. డాక్టరుకి చూపిస్తే భుజాన బరువు మొయ్యవద్దన్నాట్ట. ఎడమ భుజానికి మారిస్తే ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది, మరి తీగ మీటేది ఆ చేత్తోనే. మైనాన్ని పరాయివాళ్ళ చేతికివ్వడం వాళ్ళింట్లో లేదు. మైనం కరిగించే ఇనపకడ్డీలు, ఇత్తడి మెట్లు, తీగ చుట్టలు, మైనం ముద్ద, పైన పంచె, దుప్పటి, సద్ది, అన్నీ కలిసి ఆ గుడ్డసంచి దూడంత బరువుండేది.

"ఇంక నేను ఊళ్ళంట ఎల్లను" అని, ఆ సంచి తీసుకెళ్ళి ఇంట్లో కొయ్యకి తగిలించేశాడు.

వారం తిరక్కుండా మా అప్ప షాపుకొచ్చింది. ఎప్పుడూ మొగుడు ఇంటిపట్టున ఉండడని దెప్పే మనిషి. ఆరోజు గుమ్మంలోనే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒరే తమ్ముడూ, మీ బావ ఇంట్లో ఉంటే బాగుంటాదనుకున్నాను. బాగునేదురా. కంచం ముందు కూకుని గోడకేసి సూస్తన్నాడు. మడిసి ఇంట్లోనే ఉన్నాడు గానీ ఇల్లు కాళీగా ఉన్నాది. నువ్వేటైనా సెయ్యి."

సంచి వల్ల వచ్చిన జబ్బుకి మందు సంచే అని నాకు తోచింది. సంతకి వెళ్ళి, పటాలం నుంచి తిరిగొచ్చినాయన అమ్మేసిన ఖాకీ సంచి ఒకటి తెచ్చాను. ఒంటికి అడ్డంగా వేసుకునే వెడల్పు పట్టీ ఉంది, బాగుంటుందనుకున్నాను. సరిగ్గా ఆరోజుల్లోనే ఖాకీ సంచీలవాళ్ళు టీకాలు పొడవడానికి వీధి వీధీ తిరుగుతున్నారు. బావ అది వేసుకుని ఊరి చివర వీధిలోకి వెళ్ళాడో లేదో, "టీకాలోడొచ్చాడే!" అని తల్లులు పిల్లల్ని రెక్కపట్టి లోపలికి లాగేసి తలుపులేసుకున్నారు. బావ ఆ సంచి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "నన్ను సూసి తలుపేసుకున్నార్రా" అన్నాడు. ఎక్కడికి వెళ్ళినా అక్కాచెల్లెళ్ళున్న మనిషికి అది చాలా పెద్ద దెబ్బ.

తర్వాత కొత్తగా వచ్చిన ప్లాస్టిక్కు ఎయిర్ బ్యాగు చూపించాను. వాసన చూసి పక్కన పెట్టేశాడు.

ఇంక లాభం లేదని నేనే దిగాను. ఎలక్షన్లలో డేరాలు కుట్టగా మిగిలిన మందపాటి గుడ్డ నా దగ్గరుంది. బావ పాత సంచి తిరగేసి, ప్రతి సామానూ టేపుతో కొలిచాను. కడ్డీలకి ఒక అర, తీగలకి ఒక అర, మైనానికి ఎండ తగలకుండా లోపల రెండు పొరల అర. వీపున వేసుకునేలా రెండు భుజాలకీ రెండు పట్టీలు, వాటిలో దూది. బరువంతా వెన్ను మీద కూర్చుంటుంది, చేతులు రెండూ ఖాళీ. మొత్తం పదకొండు జేబులు. కుట్టడం అయ్యాక దాన్ని బల్ల మీద నిలబెట్టి, నాలో నేనే మురిసిపోయాను.

బావ వచ్చాడు. కుట్టు మీద బొటనవేలు పెట్టి చివరిదాకా జరిపాడు. "మంచి కుట్టురా" అన్నాడు. జేబులన్నీ తెరిచి చూశాడు.

"తగిలించుకో మరి" అన్నాను.

తగిలించుకోలేదు.

"సామానంతా ఈపు మీదకి ఎల్తాదేట్రా?"

అప్పుడు నాకు తట్టింది. వాళ్ళింటి పట్టింపు నాకు తెలీనిది కాదు. మేళం సామాను సరస్వతి. నడుము కిందకి వేలాడకూడదు, వీపు వెనక్కి పోకూడదు. మా అప్ప పెళ్ళి ఊరేగింపులో కూడా ఆ పనిముట్ల సంచిని వాళ్ళింటి మనిషే ఒకడు రెండు చేతులా పట్టుకుని ముందు నడిస్తే, పెళ్ళికొడుకు దాని వెనక నడిచాడు. నేను ఆ పెళ్ళిలో తిన్న బూరెల లెక్క గుర్తుంచుకున్నాను గానీ ఇది మర్చిపోయాను. తప్పు నాదే. తప్పు నాదైనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది.

"ప్రాణం మీదకొస్తే ఇంకా ఈ పట్టింపులేటి బావా? ఒక్క సంచికి వీపెట్టలేవా?"

"సరస్వతికి ఈపు సూపించమంటావేట్రా?"

"అయితే ఆ సరస్వతినే వచ్చి నీ సంచి మొయ్యమను!"

ఆ మాట అనేశాను. అనకుండా ఉండాల్సింది. బావ కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ సంచి వాళ్ళింటికి పంపించేసి, ఎనిమిది రోజులు ఆ వీధివైపు వెళ్ళలేదు. పంతం ఇద్దరికీ ఉంది, నాకు కాస్త ఎక్కువ.

తొమ్మిదో రోజు పొద్దున్న బజారులో ఒకటే నవ్వులు వినబడి తల ఎత్తాను. మా బావ వస్తున్నాడు. సంచి తగిలించుకున్నాడు. పట్టీలు రెండూ రెండు భుజాలకీ సరిగ్గానే ఉన్నాయి. సంచి మాత్రం గుండె మీదుంది! యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నెలలు నిండిన ఆడమనిషిలా పొట్ట ముందుకి పెట్టుకుని, కనుబొమల కిందనుంచి గంభీరంగా చూస్తూ నడిచొస్తున్నాడు. అతని వెనక మా అప్ప. నేను కత్తెర కింద పెట్టేసి నవ్వాను. ఎనిమిది రోజుల కోపం ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

"నవ్వరా, నవ్వు" అన్నాడు బావ, తనూ నవ్వుతూ. "సరస్వతి ముందే ఉన్నాది. సెయ్యి కూడా తిమ్మిరెక్కనేదు. ఇంకేటి కావాల?"

అంటూనే నా షాపు ముందు మురుక్కాలవ మీద వేసిన పలక దగ్గర అడుగు తప్పాడు. ఆ పొట్ట అడ్డమొచ్చి కాళ్ళ ముందు ఏముందో అతనికి కనబడలేదు. మోకాళ్ళ మీద పడ్డాడు. పడుతూ చేతులు నేలకి ఆనించలేదు, సంచికి చుట్టేశాడు. మోకాలు చీరుకుపోయి పంచె మీద రక్తం వచ్చింది. నా నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది. పొలం గట్ల మీద ఇలా పడితే ఎవరు లేపుతారు?

మోకాలికి గుడ్డ కడుతుంటే బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మోకాలి నొప్పివి కావని మా ముగ్గురికీ తెలుసు. ఆఖరి ఆశ కూడా అయిపోయిందనుకున్నాడు.

మా అప్ప సంచిని ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తోంది. ఉన్నట్టుండి, "అన్నీ ముందే ఏటికి?" అంది. "మైనం సరస్వతి. కడ్డీలు సరస్వతి. దుప్పటి కూడా సరస్వతేనేటి? నా సద్దిమూట ఈపు మీదకి ఎల్తే ఎవులికి కోపం?"

"అన్నం మాత్రం దేవత కాదేటే?" అన్నాడు బావ నెమ్మదిగా.

"అవును, దేవతే. అయితే నేను వండినది. నా మాట ఇంటాది, నువ్వు కంగారు పడకు."

నేను కత్తెర తీశాను. నా పదకొండు జేబుల సంచిని నేనే నడిమికి కోశాను. కోస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది, అది మాత్రం దాచను. ముందుకి చిన్న సంచి, పొట్ట దాకా రాకుండా గుండె మీద కూర్చునేది, అందులో మేళం సామాను. వెనక్కి ఒక సంచి, అందులో పంచె, దుప్పటి, సద్ది. భుజాల మీద రెండింటినీ కలుపుతూ దూది పెట్టిన వెడల్పు పట్టీలు. పక్కల్లో ముడేసుకోడానికి నాడాలు. వేసుకుని చూస్తే కాళ్ళు కనబడుతున్నాయి, బరువు అటూ ఇటూ సరిపోయింది. "ఎద్దు మీద అటూ ఇటూ వేలాడే కంట్లం వేసినట్టుంది" అని బజారంతా వేళాకోళం చేసింది. బావ, "నడిసేది ఎద్దే కదేటి" అన్నాడు. చాలా రోజుల తర్వాత అతని నోట అలాంటి మాట విన్నాను.

మాఘమాసంలో ఒకరోజు తెల్లవారుజామున కోనవలస బయల్దేరాం. నన్ను మా అప్ప తోడు పంపింది. "వెనక సద్ది తినీస్తే బరువు తప్పుతాదని తినకుండా ఎల్తాడు, నాకు తెలుసు. నువ్వు తినిపించు" అంది. అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నం అయినా మూట విప్పనన్నాడు. నేను రోడ్డు మీద కూర్చుని కదలనన్నాను. చివరికి చోడి రొట్టెలు ఇద్దరం తిన్నాం. తిన్నాక బావ ఏటి ఒడ్డున ఒక గుండ్రాయి ఏరి, కడిగి, వెనక సంచిలో వేసుకున్నాడు. బరువు మళ్ళీ సరిపోయింది. రాయి మోస్తూ నడిచే మనిషిని అదే మొదటిసారి చూడడం.

దారి పొడుగునా చేతులు ఊపుకుంటూ నడిచాడు. మైలు మైలుకీ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే బొటనవేలికి తాకించుకుంటున్నాడు. నేను చూడనట్టు నడిచాను. అడగడానికి భయమేసింది.

సుభద్రమ్మగారు సన్నగా, తెల్లగా, చాలా తక్కువ మాట్లాడే మనిషి. మంచినీళ్ళు ఇచ్చి, "కాసేపు ఆగుతావా కూర్మయ్యా?" అంది.

"ఆగక్కర్నేదమ్మా" అన్నాడు బావ. వీణ ముందు కూర్చున్నాడు. "ఎక్కడ తేడా అని సెప్పకండి. నన్నే సూసుకోనియ్యండి."

ఒక్కో మెట్టూ మీటుకుంటూ వచ్చాడు. నాకు సంగీతం తెలీదు. అన్నీ ఒకేలా మోగాయి. ఎనిమిదో మెట్టు దగ్గర బావ ఆగాడు. మళ్ళీ మీటాడు. తలెత్తి ఆవిడవైపు చూశాడు. ఆవిడ తల వంచుకుంది. ఆ ఒక్క మెట్టూ సరి చేస్తాడేమో అనుకున్నాను. మైనం గీకే చాకు తీసి, మొదటి మెట్టు నుంచి పీకడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఒక్కదానికోసం ఇరవై నాలుగూ ఎందుకయ్యా?" అంది ఆవిడ.

"ఆ దినం సెయ్యి నాది కాదమ్మా. ఆ సేత్తో పెట్టినవి ఒక్కటీ ఉండకూడదు."

ఆ సాయంత్రం పొద్దు వాలేదాకా, మర్నాడు తెల్లారినప్పటి నుంచీ పని చేశాడు. ఇద్దరు ఆడపిల్లలు పాఠానికి వస్తే, ఈసారి, "రేపు రండమ్మా" అన్నాడు. మైనం వేడి చేసి పిసుకుతున్న ఆ కుడిచేతిని నేను స్తంభానికి ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. బొటనవేలు మెట్టుని జరుపుతోంది, ఆగుతోంది, ఇంకొంచెం జరిపి ఆగుతోంది. అంత సన్నటి కదలిక నా సూదికి కూడా రాదు.

మధ్యాహ్నం వేళకి వీణ ఆవిడ ముందు పెట్టి, దూరంగా వచ్చి కూర్చున్నాడు. ఆవిడ వాయించింది. కిందికీ పైకీ వెళ్ళింది. ఎనిమిదో మెట్టు మీద నిలబడి, తీగ లాగి, వదిలి, మళ్ళీ నిలబడింది. బావ ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తోంది. నేనూ బిగబట్టాను. ఆవిడ తప్పు పట్టిందంటే, ఆ సంచి మళ్ళీ కొయ్యకెక్కుతుంది, ఇంక దిగదు.

ఆవిడ వీణ పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"ఇది ఐదేళ్ళదాకా కదలదు కూర్మయ్యా" అంది. వీణకి గుడ్డ కప్పుతూ, "అయినా వచ్చే మాఘానికి రా. మా గోశాల మీద సొరకాయ రెండేళ్ళ నుంచీ నీకోసమే ఎండబెడుతున్నాను. కిందటేడు కాయ నువ్వు తీసుకెళ్ళలేదు. ఈ ఏటిదైనా పట్టుకెళ్తావా?"

ఆవిడ దింపించిన ఆ బుర్రని బావ రెండు చేతులా అందుకున్నాడు. కడవంత ఉంది, ఎక్కడా మచ్చ లేదు. నేను సంచి వైపు చూసుకున్నాను. ముందు సంచిలోనూ పట్టదు, వెనక సంచిలోనూ పట్టదు. టేపు పెట్టి అన్నీ కొలిచిన టైలర్ని, వెళ్ళేటప్పటి సామానే కొలిచాను గానీ వచ్చేటప్పుడు ఏం తెస్తాడో కొలవలేదు. నాలుక కరుచుకున్నాను.

"నేను పట్టుకుంటాను బావా, ఇటియ్యి" అన్నాను.

"నీకేటికిరా? నా సేతులు రెండూ కాళీగా ఉన్నాయి కదేటి" అన్నాడు.

సుభద్రమ్మగారికి దణ్ణం పెట్టి బయల్దేరాం. ముందు సంచిలో సరస్వతి, వెనక సంచిలో గుండ్రాయి. అది పారెయ్యమంటే, మీ అప్పకి చూపించాలన్నాడు. ఎడమచెయ్యి కింద పెట్టి బుర్రని గుండె ఎత్తున పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళతో దాని మీద మెల్లగా కొట్టాడు. తల వంచి విన్నాడు. రెండడుగులు వేసి, ఇంకోచోట కొట్టి విన్నాడు. చిటికెనవేలితో ఒకసారి, ఉంగరంవేలితో ఒకసారి, అన్ని వేళ్ళూ ఉన్నాయో లేదో లెక్క చూసుకుంటున్నట్టు.

"తెలుస్తోందా బావా?" అని అడిగాను. నిన్నటి నుంచీ అడగలేని మాట అదొక్కటే.

"ఇక్కడ పల్చగా ఉన్నాదిరా. ఇక్కడ మందం" అన్నాడు, నేను కాయ గురించి అడిగాననుకుని.

నేను రెండడుగులు వెనకపడి, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాను. ముందు మా బావ ఆ బుర్రని కొడుతూ నడుస్తున్నాడు. బొబ్బిలి దాకా పది మైళ్ళూ ఆ చెయ్యి ఆగలేదు.